పేడ తూకం

మాతో గ్రోసోలో ఆగస్టు. గడ్డి ఎండి తీగలైంది.
ఆకు ఒక్కటి లేకుండా ఇపె చెట్టు పసుప్పచ్చగా పూసింది.
ఎక్కడో అడవి తగలబడుతున్న పొగ
కొట్టం దీపం చుట్టూ ముసురుకుంది.
రాత్రి రెండింటికి నా డ్యూటీ.
ఎద్దు తోక లేపితే చాలు, పార పట్టుకుని పరిగెత్తాలి.
నేల తాకకముందే అందుకోవాలి,
తూచాలి, రాయాలి, చారెడు తీసి మంచుపెట్టెలో దాచాలి.
మా ఊళ్ళో చెబితే నమ్మరు,
నెలజీతమిచ్చి పేడలెక్క రాయిస్తారని.

నెలోరి అంటారు ఈ తెల్ల మూపురాల జాతిని.
ఏ సముద్రం దాటొచ్చిన పేరో
పిలిచే నోటికి తెలీదు, మోసే మూపురానికీ తెలీదు.
నాది ఇరవయ్యేడో నంబరు.
దాని ఎడమ డొక్కకి ఒక కిటికీ,
కిటికీకి రబ్బరు మూత.
డాక్టర్ మరీల్డా మూత తీసి భుజం దాకా చెయ్యి దూరుస్తుంది.
అది నెమరు ఆపదు.

మొదటి నెల ఒట్టి గడ్డే పెట్టాం,
ఎంత మేస్తే అంత.
ఒకరోజు "నువ్వూ పెట్టి చూడు జెనీవల్" అంది డాక్టర్.
పెట్టాను.
వెచ్చగా, తడిగా, కిక్కిరిసి
మొన్నటి గడ్డి, అటుమొన్నటి గడ్డి,
కదలక, కరగక.
"కడుపు నిండే ఉంది కదా" అన్నాను.
"నిండే ఉంది. ఆకలితో ఉంది."
లోపల కంటికి కనపడని పనివాళ్ళు కోట్లమందట,
ఎద్దు మేసేది ముందు వాళ్ళ కోసమేనట,
చాలినన్ని మాంసకృత్తులు అందకపోతే
గడ్డివాము ముందు చేతులు కట్టుకు కూర్చుంటారట.

నేను చెయ్యి వెంటనే బయటికి తియ్యలేదు.

సెయరాలో కరువు ఏడాది మా అమ్మ
కర్రపెండలం పిండిలో నీళ్ళు పోసి ఉబ్బనిచ్చేది.
ఉబ్బితే ఎక్కువ కనిపిస్తుంది.
తమ్ముడు దర్సీయో పొట్ట డోలు,
కాళ్ళు డోలు వాయించే పుల్లలు.
చూసినవాళ్ళు అనేవారు, పిల్లాడు బాగానే తింటున్నాడని.
బాగానే తిన్నాడు.

రెండో నెల పత్తిగింజల చెక్క కలిపాం.
నూటికి తొమ్మిది పాళ్ళు, తర్వాత పదకొండు.
ఇరవయ్యేడు తొట్టి అడుగు నాకడం మొదలెట్టింది.
పదమూడుకి ఇంకాస్త పుంజుకుంది.
పదిహేనుకి ఒళ్ళు పెరగలేదు,
కొట్టం నేల మాత్రం ఘాటెక్కి నా కళ్ళు మండాయి.
డాక్టర్ కాగితం మీద గీత గీసింది.
ఎక్కీ ఎక్కీ ఒకచోట ఒంగిపోయింది గీత.
"ఇక్కణ్ణించి పోసిందంతా దండగ,
రైతు డబ్బు ఉచ్చలో కొట్టుకుపోతుంది" అంది.

నేను గీత పైకొస చూడలేదు.
అడుగున, మొదలయ్యే చోట,
ఒట్టి గడ్డి నెలనాటి చుక్క.
పక్కన నా చేతిరాత అంకె.

వానలొస్తే మిగతావన్నీ లారీ ఎక్కుతాయి.
కిటికీ ఉంది కాబట్టి ఇది ఉంటుంది.
మూడింటికి తోక లేచింది, పరిగెత్తాను.
రెండు కిలోల నూట నలభై.
చేతి తొడుగు వేళ్ళతో విడదీసి చూశాను,
మెత్తగా ఉంది,
పొడుగు పోచ ఒక్కటీ లేదు.
రాశాను.