బలపం

మార్కాపురంలో మూతబడ్డ పలకల షెడ్డు.
గోడకి ఆనుకుంటే ఇప్పటికీ
చొక్కా వీపంతా బూడిద రంగే.

తర్లుపాడు నించి ఏసోబు వచ్చాడు,
పగిలిన క్యారమ్స్ బోర్డు గోడుతో.
దోర్నాల నించి కాశింబి, హాజరు పుస్తకంతో.
పెద్దారవీడు వాళ్లకి బస్సు తప్పింది.
ఆటో బేరమాడి, మధ్యాన్నం అన్నాలప్పటికి దిగారు.

నాలుగూళ్ల కుర్రాళ్ల కేంద్రాలు,
నాలుగు రకాల నడక.
ఏది బాగా నడుస్తున్నట్టు?
రోజుకి నలభై మంది వస్తేనా, అన్నాను.
"రానోళ్లెవరో మనకి తెలిస్తే" అంది కాశింబి.

మూల పోగులోంచి అంచు విరిగిన పలక తీశాం.
చెప్పిన వేళకి తాళం తియ్యాలి.
ఆడపిల్లలు ఇల్లు చేరాకే ఆ పూట పని అయినట్టు.
చెడిపోయిన పని కూడా పుస్తకంలో రాయాలి.
"వాళ్ల కోసం" అని నేను రాస్తే
ఏసోబు బొటనవేలితో చెరిపి
"వాళ్లతో" అని దిద్దాడు.

తలుపు దగ్గర తిరుపాలు,
పదిహేడేళ్లు, గ్రానైట్ లారీ క్లీనరు,
టీలు తెచ్చి అక్కడే నిలబడిపోయినవాడు:
"మమ్మల్నెవరన్నా అడిగారా?"

ఎవరం మాట్లాడలేదు.
టీలు చల్లారాయి.

బలపం వాడికిచ్చాం.
బడి మానేసిన చెయ్యి,
ఒత్తులు మరిచి, మెల్లగా, కీచుమంటూ:
మూన్నెల్ల తర్వాత వచ్చినా
ఏడకి పోయావని అడగమాకండి.
కూచోమనండి.

పెయింటుతో బోర్డు రాయిద్దామన్నారు పెద్దారవీడు వాళ్లు.
వద్దనుకున్నాం. ఊరికో పలక.

రాత్రి కాశింబి ఫోను:
బస్సు కుదుపులకి, ఒళ్లో పలక మీద
ఓ వాక్యం సగం చెరిగిపోయిందట.
ఏది, అన్నాను.
నీదే, అంది.