నాలుగక్షరాలు

గంగాధర యార్డుల ప్రతి రాయి నుదుటి మీద
ఎర్రరంగుతోటి నంబరు రాసేది నేనే.
పొడుగు, ఎడల్పు, మందం.
దాని కింద, కొనేటోళ్ల ఇన్‌స్పెక్టరు
చీటీ మీద గీసిచ్చిన నాలుగక్షరాలు.
చదవరాదు నాకు. ముగ్గేసినట్టు వేస్త.
అది వాళ్ల సేటు పేరనుకున్న పదకొండేండ్లు.

మాఘంల ఓడ రాలేదు.
సరిహద్దు కాడ మాట మీద మాట పెరిగిందట,
మన రాళ్లల్ల పగుళ్లున్నయని
వాళ్ల రేవుల కాగితం అంటించిండ్రట.
రెండు వందల యాభై కోట్ల ఏండ్ల రాయికి
ఒక్క రాత్రిల రోగమొచ్చింది.

ఢిల్లీ ఊకుంటదా?
గట్టి జవాబే ఇచ్చింది. టీవీ ముంగట
ఓదేలు చప్పట్లు గొట్టిండు, నేను గూడ గొట్టిన.
వాళ్ల సామాన్ల మీద సుంకం రెండింతలట!
మూడోనాడు క్వారీ మేస్త్రి బీడీ ఆర్పుకుంట చెప్పిండు:
గుట్టను కోసే వజ్రాల తీగె గూడ
వాళ్ల సామానేనట.

తీగె ఆగింది.
గుట్ట సగం కోసిన జున్నుగడ్డ లెక్క నిలవడ్డది.
ఒడిశా పిలగాండ్లు రాత్రి రైలెక్కిండ్రు.
బిరంచి చేతి తొడుగులు డ్రిల్లు మిషిన్ మీదనే
అరచేతులు చాపుకొని ఉన్నయి.

అప్పుడొచ్చింది గనుల శాఖ మేడం మాధురీలత,
బూట్లకు బురద, సంకల రిజిస్టరు.
రాయల్టీ ఆర్నెల్లు ఆపుతమన్నది.
బస్టాండ్లకు, దవాఖాన మెట్లకు
సర్కారే కొంత కొంటదన్నది.
"కొంతంటే?" అన్నడు ఓనరు.
"నలభై రాళ్లు."
తల వంచుకోలేదు, గొప్ప జెప్పుకోలేదు.
యార్డుల ఉన్నయి మూడు వందల పన్నెండు.
"ఒక్కల్లకే ఎందుకు అమ్మినరు ఇన్నేండ్లు?"
ముందుగాల పైసలిస్తరు గాబట్టి అని
ఎవ్వలం అనలేదు.

పోతపోత ఎర్రక్షరాల కాడ ఆగింది.
ఫోన్‌తోటి ఫొటో తీసి, ఫోన్‌నే చదవమన్నది.
నవ్విందో, దగ్గిందో.
"ఇది పేరు గాదు రాజనర్సూ,
పగుళ్లు లేవు అని రాసున్నది."

ఫొటో ఫైల్ల పడి ఢిల్లీకి పోయింది.
ఏమైందో తెల్వదు.
మొన్నటి వానకు రంగు కారింది.
జీతం సగమే, అయినా డబ్బా దెచ్చుకున్న.
ఈసారి మెల్లగ, ఒక్కో గీత
అర్థం తెలిసి దిద్దుతున్న.
ఇప్పటికి ముప్పై తొమ్మిది రాళ్లయినయి.