ఎడమ తొడ

ఓదవ్వను ఆఖరి స్నానానికి కూర్చోబెట్టినప్పుడు
నాకు పదకొండేళ్ళు. చెంబు అందించే పని నాది.
చిన్నమ్మ చీర పక్కకు తీసింది.
ఎడమ తొడ మీద, మోకాలికి జానెడు పైన,
ఒక్క వెంట్రుక లేని చోటు
రేవులో అడుగురాయిలా నల్లగా, నున్నగా మెరిసింది.
"కాలిందా?" అన్నాను.
ముసలి బాయక్క నవ్వింది, శవం ముందరే:
"కాలలేదు బిడ్డా, అరిగింది.
నాకూ ఉంది, చూస్తవా?"

ఇది సిరొంచ దగ్గరి ముచ్చట.
ప్రాణహిత గోదాట్లో కలిసే ముందు
ఇసుకలో కాసేపు తచ్చాడే చోటు.
అవతలి గట్టు నిజాం ఇలాకా, ఇవతల ఇంగ్లీసు సర్కారు.
అటు హాలీ సిక్కా, ఇటు కల్దారు.
ఏదీ చేతిలో నిలిచేది కాదు గనుక
మా ఆడవాళ్ళు రెండింటి బరువూ
కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళు.

వానకాలం మగవాళ్ళు మద్దిచెట్ల కింద
దసలిపురుగును కాసేవాళ్ళు,
కాకిని వడిసెలతో, చీమను బూడిదతో ఆపుతూ.
అన్నాళ్ళూ అక్కడ ఆడగాలి సోకొద్దు.
సద్దిమూట వాగుకు ఇవతల బండ మీద పెట్టి
కూతేసి మళ్ళిపోవాలి.
చెట్టు మీద ఉన్నంతసేపే ఆ అంటు.
కాయ ఇంటికొచ్చాక
అది ఎటు పోయిందో ఎవరూ అడగలేదు.

బూడిదనీళ్ళలో కాయలుడికే వాసన ఎట్లుండేదంటే
బాయక్క చెప్పలేకపోయింది.
"ముక్కు మరిచింది, కడుపు మరవలే" అంది.
ఐదు కాయల కొసలు కలిపి లాగి
తొడ మీద అరచేత్తో రుద్దితే ఒక పోగు.
కుడిచెయ్యి తొడకు, ఎడమచెయ్యి పరితెకు.
చంటిపిల్లకు మిగిలేది కుడితొడ ఒక్కటే.
మా నాయన ముసలితనంలో కూడా
ఒక పక్కకే ఒరిగి నిద్రపోయేవాడు.

నాకా కాడ సుంకం తప్పించడానికి
ఓదవ్వ, రాజుబాయి, ఒక కన్ను కనబడని గట్టక్క
పోగును నడుముకు చుట్టుకుని
పైన ముతకచీర కట్టి పడవెక్కేవాళ్ళు.
"ఏడో నెలనా?" అని నాకా జవాను అడిగితే
"తొమ్మిది పడ్డది" అనేదట గట్టక్క,
యాభై దాటినా అదే మాట.
అతనూ ఏటేటా అడిగేవాడట.

మన్మోడి జరం వచ్చిన ఏడు
గట్టక్క పోయింది, రాజుబాయి ఇద్దరు పిల్లలు పోయారు.
ఉడికిన కాయలు కుండలోనే ఉన్నాయి.
ఓదవ్వ ఒళ్ళు కాలుతుండగానే పొయ్యి ముందు కూర్చుని
ఆ కుండ ఖాళీ చేసింది.
చల్లారితే పోగు సాగదు.
ఏడుపుకు అట్లాంటి తొందర లేదు.

షావుకారి చిట్టా ఒకటి
చాలా ఏళ్ళకు నా చేతిలో పడింది.
"లింగయ్య పోగు, రెండు శేర్లు.
లింగయ్య పోగు, శేరుంబావు."
పేజీ తర్వాత పేజీ, మా తాత పేరే.
బాయక్కకు చదివి వినిపించాను.
ఒక్క పన్ను లేని నోటితో
దగ్గొచ్చేదాకా నవ్వింది:
"లింగడి తొడ నిండా వెంట్రుకలే గదనే!"

పాతికేళ్ళు మరాఠీ బడిలో పాఠం చెప్పాను.
ఆ భాషలో మాండీ అంటే తొడ, ఒడి కూడా మాండీయే.
పిల్లలకు ఆ మాట రాయించిన ప్రతిసారీ
సుద్దముక్క ఒక్క క్షణం ఆగేది.
మాకు అవి రెండు మాటలు.
ఓదవ్వకు రెండు వేర్వేరు కాళ్ళు.

ఆ రోజు ఆఖరి చెంబు నేను పొయ్యలేదు.
బాయక్క నా చేతిలోంచి తీసుకుంది.
ఆ నున్నటి చోట నీళ్ళు పోసి
అరచేత్తో పైనుంచి మోకాలిదాకా
ఒక్కసారి రుద్దింది, పని చేసినట్టే.
తర్వాత వేళ్ళు ఎత్తి
వెలుతురులో చూసుకుంది.