డ్రైవరు బరువు పోను

విస్తులా నదికి ఈవల,
మంచు సగం కరిగి సగం బురదైన రైల్వే యార్డులో
మా కొత్త ద్వారం నిలబడింది.
నాలుగు ఇనుప గుంజలు, పైన అడ్డదూలం,
ఒంటినిండా ఎర్రగా వెలిగే కళ్లు.
బండి ఆగక్కర్లేదు,
మనిషి నడిచినంత వేగంతో దూరి వస్తే చాలు.
పొడుగు, వెడల్పు, ఎత్తు, ఇరుసు ఇరుసుకీ బరువు,
ఎక్కడ గొలుసు వేసి ఎత్తితే ఒరగకుండా నిలుస్తుందో ఆ చోటు,
అన్నీ పదకొండు సెకన్లలో నా తెర మీద.

బోగుమిల్‌కి ఒక్కో ట్రక్కుకి అరగంట పట్టేది.
మెడలో టేపు, జేబులో సుద్దముక్క,
దారానికి వేలాడే ఇత్తడి గుండు.
బురదలో మోకాళ్లూని, ఒక కన్ను మూసి,
బండి పొట్ట కిందకి చూసేవాడు,
దూడని కొనబోయే రైతులాగా.
సొరంగం కప్పుకీ బండి నెత్తికీ మధ్య
నాలుగు వేళ్లు పట్టాలి అనేవాడు.
కుడిచేత్తోనే చూపించేవాడు.
ఎడమ చేతికి మూడే ఉన్నాయి.

పాతదంతా బంగారమని నేననను.
జనవరి రాత్రుల్లో టేపు చేతికి అంటుకుని చర్మం ఊడొచ్చేది.
ఒకసారి ఏడు రాయబోయి ఒకటి రాశాడు,
ఆ రైలు క్షేమంగా చేరిందని కబురొచ్చేదాకా
మూడు రోజులు అన్నం ముట్టలేదు.
యంత్రానికి ఆకలీ లేదు, ఆ మూడు రోజులూ లేవు.
నాకదంటే ఇష్టమే.

కానీ బోగుమిల్ టేపు తియ్యకముందే
డ్రైవర్ని ఒక మాట అడిగేవాడు:
"నువ్వెంత ఉంటావు?"
సిపాయిలు నవ్వేవారు.
బూట్లతోనా, బూట్లు లేకుండానా అని ఒకడు.
మా అమ్మని అడగాలి అని ఇంకొకడు.
యాద్విగా అని ఓ పిల్ల, అంబులెన్సు తోలేది,
యాభై రెండు అంది.
"కాస్త తిను" అన్నాడు.
యాభై రెండే రాసుకున్నాడు.

యంత్రం అడగదు.
దాని లెక్కలో డ్రైవరంటే ఎనభై కిలోలు.
వచ్చిన తూకంలోంచి ఎనభై కొట్టేసి
మిగిలింది బండి అంటుంది.
అలా ఆ రోజు అంబులెన్సు
కాగితం మీద ఇరవై ఎనిమిది కిలోలు తేలికైపోయింది.
రైలుకి అదో లెక్కా? అన్నారు పైవాళ్లు.
నిజమే, లెక్క కాదు.
బోగుమిల్ మాత్రం టేపు చుట్టుకుంటూ
"మరి ఆ ఇరవై ఎనిమిదీ ఎవరు మోస్తున్నట్టు?" అన్నాడు.
ఆ శుక్రవారమే అతని ఆఖరి రోజు.
ఇత్తడి గుండు నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.
కాగితాలు ఎగరకుండా వాడుకుంటున్నాను.

మార్చి చివర్లో కొన్ని వెనక్కొచ్చాయి,
తూర్పు నుంచి, టార్పాలిన్ల కింద.
మరమ్మతుకి పంపాలంటే మళ్లీ కొలవాలి,
వెళ్లినప్పటి ఆకారంలో ఒక్కటీ లేదు కదా.
చక్రాలు తిరిగేవాటిని దూరంనుంచి
ఉక్కుతాడు వేసి లాగారు, ద్వారంలోంచి, ఒక్కొక్కటిగా.
నాలుగోది అంబులెన్సు.
నంబరు చూడగానే గుర్తుపట్టాను.
పదకొండు సెకన్లు.
స్టీరింగు దగ్గర ఎవరూ లేరు.
యంత్రం ఎనభై తీసేసింది.

యాద్విగా ఏమైందో నాకు తెలీదు.
బదిలీ అయుండొచ్చు. ఇంకో బండి ఇచ్చుండొచ్చు.
తాడు లాగుతున్న కుర్రాణ్ణి అడిగాను,
నిన్ననే డ్యూటీలో చేరానన్నాడు.

డ్రైవరు బరువు గడిలో సున్నా కొట్టాను.
ఈ అంకె చెల్లదు అంది తెర.
మళ్లీ కొట్టాను. చెల్లదంది.
నలభైకి తక్కువ మనిషిని అది ఒప్పుకోదు,
అసలు లేని మనిషి సంగతి
దానికెవరూ చెప్పినట్టు లేరు.
యాభై రెండు కొట్టాను.
ఒప్పుకుంది.

స్టిక్కరు వెచ్చగా బయటికొచ్చింది,
మొత్తం తూకం, ఇరుసుల తూకం,
కింద చిన్న అక్షరాల్లో: డ్రైవరు బరువు పోను.
ఎడమ తలుపుకి అంటించాలి, నియమం అది.
తలుపు లేదు.
స్టిక్కరు పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాను,
వెనక ఐదోది అప్పుడే గుంజల మధ్యకి వస్తోంది,
ఒక చక్రం కీచుమంటూ.