ట్రిప్పు షీటు

తెల్లారి నాలుక్కే ట్యాంకరు పైపు
ఓబుళరెడ్డి బోరుకు తగిలిస్తా.
నిండేదాకా బీడీ ముట్టను,
పైపు మీద చెయ్యేసి నిలబడతా.
నీళ్ళు పోతాంటే అది సల్లగా వణుకుతాది,
దూడ మెడ తడిమినట్టుంటాది.

నా నాలుగెకరాల్లో ఏడు బోర్లేసినా.
ఆరిట్లో దుమ్ము.
ఏడోదాంట్లో తడిదుమ్ము.
"బండ తగిలిందన్నా, ఇంకో వందడుగులు పోనిద్దామా?"
అనేటోడు రిగ్గు డ్రైవరు.
ఆ వందడుగులు మా మస్తానమ్మ కమ్మలు.

ఇప్పుడు పలకదిన్నె మీద ఏసే బోరు
నిలువునా రెండు కిలోమీటర్లంట,
ఆ కింద అడ్డం తిరుగుతాదంట.
ఎవరి చేని కింద తిరిగిందో ఎవురికెరుక?
పాసుబుక్కులో ఎకరా సెంట్లుంటాయి,
లోతు రాసుండదు.

నల్ల పలకరాయి పొరల్లో గ్యాసుందంట.
రాయిని చీల్చాలంటే నీళ్ళు పొయ్యాలంట,
ఇసకా, ఏందో మందూ కలిపి.
బోరులోంచి తోడి
బోరులో పోస్తాండా నేను.
యాడ చెప్పినా నవ్వుతారు.
నేనూ నవ్వినా, మొదటి జీతం చేతికొచ్చిన దినం.

గేటుకాడ ఇంతియాజ్, కర్నూలు పిల్లోడు,
షీటు మీద సంతకం పెడతాడు.
"లోపలికి పోయిన నీళ్ళు తిరిగొస్తాయా సార్?"
"కొన్నొస్తాయి కుళ్ళాయప్పా," అన్నాడు
పెన్నుకు మూత పెడతా.

వచ్చిన ఆ కొన్నీ
నల్ల పట్ట పరిచిన గుంటలో ఉండాయి.
చుట్టూ ముళ్ళకంచె.
కంచె సంగతి గొర్రెలకు తెలుసు,
వానకు తెలీదు.
ఆశ్లేష కార్తెలో ఒక్క రాత్రి వానకు
గుంట పొర్లి వంకలో కలిసింది.
బాలనాగి మందలో మూడు పొట్టేళ్ళు
మూతులు వంకర పోయి పడినాయి.
వంక నీళ్ళు సీసాలో పట్టుకపోయినారు పరీక్షకని.
సీసా పోయింది.
కాయితం ఇంకా రాలేదు.

రాత్రి పంపులు మొదలైతే
మా ఇంటి నాపబండలు గొణుగుతాయి.
గూట్లో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి.
మస్తానమ్మ లేసి
వాటిని దూరం దూరంగా జరిపి
ఏమీ అనకుండా పండుకుంటాది.

నిన్న నాలుగో ట్రిప్పుకు
నా చేతికింద పైపు వణకలేదు.
లోపల గాలి దగ్గింది.
ఆ దగ్గు నాకు తెలుసు, ఏడుసార్లు విన్నా.
ఓబుళరెడ్డి మోటారు ఆపలేదు.
ఆపక్క చీనీచెట్లు ఆకు ముడుచుకోనుండాయి,
ఆయన ఈపక్కే చూస్తాండాడు.
"ఇంకాసేపు సూద్దాంలే," అన్నాడు
రిగ్గు డ్రైవరు గొంతుతో.

పన్నెండు వేల లీటర్లుండాల్సిన గడిలో
తొమ్మిది వేలని రాసినా.
తక్కిన మూడు వేలకు
షీటులో గడి లేదు.

ట్యాంకరు వెనక కుళాయి సరిగ్గా బిగుసుకోదు.
దోవ పొడుగూతా సన్నంగా కారతాంటాది,
ఆ తడిగీత మీద పిచ్చుకలు దిగుతాయి.
రిపేరు చేయించమని
రెండుసార్లు చీటీ ఇచ్చినారు ఆఫీసులో.

చేయించలేదు.