ఆరో గడి

ప్రవేశాల రిజిస్టరులో ఆరో గడి చిరునామాది.
ఇరవై రెండేళ్లుగా నేనే నింపుతున్నాను
నీలి సిరాతో, కొట్టివేతల్లేకుండా.
ఒక్క వరసలో తప్ప.

జూన్ పదిహేడు. వాన వచ్చేలా ఉండి రాని పొద్దు.
కృష్ణలంక బడి గేటు దగ్గర ఒక తల్లి,
భుజాన చిత్తుకాగితాల గోతం,
కొంగు పట్టుకుని పదకొండేళ్ల పిల్ల.
పేరేమిటంటే తల్లి వంక ఓసారి చూసి చెప్పింది:
ఇండ్ల మస్తానమ్మ.

ఇంటిపేరు ఇండ్ల.
కలం ఆరో గడి దగ్గరకొచ్చి ఆగింది.
"ఎక్కడుంటారమ్మా?"
"బెంజి సర్కిల్లో సార్. ఫ్లైఓవరు కింద, పద్నాలుగో పిల్లరు."
మా ఆవిడ అపార్టుమెంటు పేరు చెప్పినట్టే చెప్పింది.
నామోషీ అంతా నాదే.

టీసీ లేదు. పుట్టిన తేదీ కాగితం లేదు.
ఆధార్ ఉండేదట, బుడమేరు పొంగినప్పుడు
గుడిసెతో పాటే పోయిందట.
నేను రిజిస్టరు మూయబోయాను.
హెడ్‌మిస్ట్రెస్ ఎస్తేరు రాణి గారు
కళ్లజోడు పైనుంచి చూశారు.
"కాగితం లేదని పిల్లను వెనక్కి పంపకూడదని చట్టం ఉంది బాజీ గారూ.
పిల్లను వాళ్లు పుట్టించారు,
కాగితం మనం పుట్టించలేమా?"

వయసును బట్టి ఆరో తరగతి.
చదువు మూడు దగ్గర ఆగింది గనక
సాయంత్రం గంటసేపు విడిగా పాఠం.
అదీ చట్టంలోనే ఉందట.
ఇన్నేళ్ల ఉద్యోగంలో
నేను ఆ పేజీ దాకా వెళ్లలేదు.

చిరునామా మాత్రం పెన్సిలుతో రాశాను.

వాచ్‌మన్ సాంబయ్య అరగంట ముందే గేటు తీస్తాడు.
కుళాయి దగ్గర మొహం కడుక్కుని
సైన్సు గదిలో యూనిఫాం వేసుకుంటుంది.
పుస్తకాల సంచి రాత్రిళ్లు నా బీరువాలోనే,
జీతాల బిల్లుల పక్కన.
ఇంటిలెక్క అరచేతి మీద రాసుకుపోతుంది.
(ఇంటిలెక్క అనే అంటాం, ఇంకో మాట లేదు.)
పొద్దున్నకి లెక్క సగం చెరిగి ఉంటుంది,
జవాబు నోట్లో ఉంటుంది.

సెప్టెంబరులో పెద్దవాళ్లెవరో వస్తున్నారని
పిల్లర్లకు రంగులేశారు, మనుషుల్ని లేపేశారు.
రబ్బరుతో చెరిపి రాశాను: పద్మావతి ఘాట్, పైమెట్లు.
దసరా స్నానాల ఏర్పాట్లకు అక్కడా ఖాళీ చేయించారు.
మళ్లీ చెరిపి: రైవస్ కాలువ గట్టు,
మూతబడ్డ టైర్ల కొట్టు అరుగు.
కాగితం అక్కడ పలచబడింది.
వెలుతురుకి పడితే
వెనక పేజీ పిల్లాడి పేరు తిరగేసి కనిపిస్తోంది.

"అటు దగ్గర్లో ఇంకో బడి ఉంది కదమ్మా" అన్నాను.
"మారినవి చాల్లెండి సార్" అంది.

బస్సు పాసు ఫారంలోనూ అదే గడి, పైగా రుజువు కావాలి.
బడి ముద్ర కొట్టి కేరాఫ్ రాసి పంపితే
కౌంటరు కుర్రాడు అటూ ఇటూ తిప్పి కుదరదన్నాడు.
మర్నాడు మేడమే వెళ్లి
క్యారేజీ ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నారు.
మూడింటికి కుదిరింది.

మొన్న అర్ధ సంవత్సరం పరీక్షలో ఐదో ప్రశ్న:
మీ ఊరి గురించి స్నేహితురాలికి లేఖ రాయండి.
తెలుగు టీచరు ఆ పేపరు తెచ్చి
మాటా పలుకూ లేకుండా నా బల్ల మీద పెట్టింది.
లేఖలో గొప్పేం లేదు. బ్యారేజీ, కొండ,
గేట్లెత్తినప్పుడు నిద్ర పట్టనివ్వని నీళ్ల చప్పుడు.
కృష్ణకి వట్రసుడి పోయింది.
కింద పెట్టె గీసి, నీలి సిరాతో:

చేవూరి సుభాషిణి,
పద్నాలుగో పిల్లరు,
బెంజి సర్కిల్ ఫ్లైఓవరు కింద,
విజయవాడ – 10.

ఒక్క కొట్టివేత లేదు.

ఐదుకి ఐదు పడ్డాయి.
సుభాషిణినీ ఆ రంగులప్పుడే లేపేశారట,
ఎటు పోయారో మస్తానమ్మకీ తెలియదట.
ఆ పేరు చిన్న చీటీ మీద రాసి
బల్ల అద్దం కింద పెట్టుకున్నాను.

గేటు దగ్గర ఎవరైనా నిలబడితే
ఈమధ్య ముందు పేరే అడుగుతున్నాను.
ఆరో గడి సంగతి తర్వాత.