అదో మాదిరిగా

చిత్తూరు కోర్టులో నా పని
తెలుగులో లేచి నిలబడిన మాటను
ఇంగ్లీషులో కూర్చోబెట్టడం.
పంతొమ్మిదేళ్ళుగా ఇదే.
గట్టు తగాదాలు, బోరుబావి వాటాలు, చెల్లని చెక్కులు.
ఎవరు, ఎప్పుడు, ఎంత.
ఎట్లా అన్నదాంతో నాకు పెద్దగా పని పడలేదు.

ఆ బుధవారం బోనెక్కింది వళ్ళెమ్మ.
బంగారుపాళెం పక్కన పల్లె.
మొగుడు దొరసామి
మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ కాడ పోయినాడు.
పరిహారం కోసం వచ్చింది.

"సద్దిగిన్నె చేత పట్టుకోని
వాకిలి దాటినంక మళ్ళా తిరిగి చూసి
ఆయప్ప అదో మాదిరిగా నగినాడు సామీ."

స్టెనో ఏకాంబరం వేళ్ళు గాల్లో ఆపి
నా మొహం చూశాడు.
నా నోట్లోంచి జారిపోయింది, అలవాటు కొద్దీ:
స్ట్రేంజ్‌లీ.

టకటకటక.

బీమా కంపెనీ వకీలు కళ్ళజోడు సవరించుకున్నాడు.
"వింతగా నవ్వాడన్నమాట.
మనసు మనసులో లేదన్నమాట.
అయితే ఇది ప్రమాదం కాదన్నమాట."
మూడు అన్నమాటల్లో
ఆయమ్మ అడిగిన డబ్బంతా వడ్డీతో సహా పోయింది.

అప్పుడు చూశాను నేనిచ్చిన మాట వంక.

దాని గుణం చెప్తాను వినండి.
వాక్యం చివర చతికిలబడితే
నింద నవ్వినవాడి మీద పడుతుంది.
అదే వాక్యం మొదట, పక్కన ఒక కామాతో నిలబడితే
నింద లోకం మీదికి మళ్ళుతుంది:
విచిత్రం, నవ్వాడు.
నడుం పట్టేసినా, చీటీపాట వాడు గడపలో కూర్చున్నా,
రాత్రి షిఫ్టు మీద పగలు షిఫ్టు వేసినా
నవ్వాడు.
ఆ కామా ఈగ కాలంత ఉంటుంది.

ఇంకో మాట వెతికాను.
ఆడ్‌లీ, జత తప్పిన చెప్పు మాదిరి.
పెక్యూలియర్లీ కోటు తొడుక్కొని వస్తుంది,
వళ్ళెమ్మ వాకిట్లోకి అది రాదు.
"వియర్డ్‌లీ అనండి సార్" గొణిగింది
వెనక బెంచీలో జూనియర్ లాయరు హంసిని.
ఆ పిల్లకి టీ చల్లారినా వియర్డే.

మాదిరి.
బెల్లం మండీలో దిమ్మె విరిచి
అరచేతిలో పెడతారే ఆ ముక్కను మాదిరి అంటాం.
నాలుక మీద వేసుకుని
బండెడు సరుకుకు ధర కడతారు.
దొరసామి కూడా ఒక ముక్కే ఇచ్చి పోయినాడు.
దిమ్మె ఎక్కడ పెట్టినాడో ఎవరికి తెలుసు.

"సరిదిద్దుకుంటాను సర్" అన్నాను.
ఇన్నేళ్ళలో మొదటిసారి.
"అయితే ఏ మాట రాయమంటారు?" అన్నారు జడ్జిగారు.
చెమట తుడుచుకున్నాను, అంతే.

వకీలు బోను వైపు తిరిగాడు.
"అదో మాదిరంటే ఏ మాదిరమ్మా?"

వళ్ళెమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది.
అడిగింది న్యాయమే అన్నట్టు కాసేపు ఆలోచించింది.
తర్వాత ఒక కాలు ముందుకేసి,
చేతిలో లేని గిన్నెను పట్టుకుని,
తల ఎడమకి తిప్పి వెనక్కి చూసి
నగింది.

పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది.
బయట పుంగనూరు బస్సు హారను కొట్టింది.
వకీలు పెదవి దానంతట అది కదలబోతే
కాగితాల్లోకి దించుకున్నాడు తల.
ఆమె చెయ్యి ఇంకా గిన్నె బరువు మోస్తూనే ఉంది.

ఏకాంబరం కొట్టాడు: సాక్షి నవ్వినది.
ఎట్లా అని నన్ను అడగలేదు.
నేనూ చెప్పలేదు.

తీర్పు రాకముందే నన్ను పలమనేరుకు మార్చేశారు.
రికార్డులో ఏ మాట మిగిలిందో చూడలేదు,
చూడాలని రెండుసార్లు బస్టాండు దాకా పోయి
తిరిగొచ్చాను.

ఈమధ్య పొద్దున్నే క్యారియర్ తీసుకుని
మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరుగుతున్నానట.
"ఏంది, అట్లా చూస్తా ఉండారు?" అంటుంది మా ఆవిడ.
ఎట్లా, అంటాను.
తలుపు రెక్క పట్టుకుని వెతుక్కుంటుంది పాపం.
"ఏమో అబ్బా.
అదో మాదిరిగా."